బైబిలు దేవుడు చెప్పి రాయించిందా, మనుషులు రాసిందా?

వందనాలు. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బైబిల్లో ప్రతి అక్షరం దేవుడు చెబుతుంటే మనుషులు రాసుకున్నదేనని ఇంట్లో అమ్మగారు అంటారు. క్రీ.శ. 325లో నైసియాలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి బిషప్పుల చేత ఓట్లు వేయించి పుస్తకాలు ఏరించాడని ఆఫీసులో స్నేహితుడు అంటాడు. మధ్యలో చాలా మార్చేశారని ఎక్కడో వీడియోలో చూశారు. వీటిలో ఏది నిజం, రేపు ఆదివారం ఆ పుస్తకాన్ని ఏ మనసుతో చేతిలోకి తీసుకోవాలి అని అడిగారు. ఈ చివరి మాట కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. వేదాంత కళాశాలలో ముప్పై ఏళ్ళు గ్రీకు కొత్త నిబంధన పాఠం చెప్పాను. ఏటా ఎవరో ఒక విద్యార్థి ఇదే ప్రశ్నతో, దాదాపు ఇదే బాధతో, క్లాసు అయ్యాక ఆగేవాడు.

ముందు ఒక తెలుగు మాట దగ్గర ఆగాలి. మన చిక్కులో సగం అక్కడే ఉంది. రెండో తిమోతి 3:16లో "దైవావేశమువలన కలిగిన ప్రతిలేఖనము" అని ఉంది కదా. ఆవేశం అనగానే మనకేం కనిపిస్తుంది? జాతరలో పూనకం వచ్చిన మనిషి కనిపిస్తుంది. జుట్టు విరబోసుకుని ఊగుతుంది, గొంతు మారిపోతుంది, ఏం పలికిందో తర్వాత ఆమెకే తెలియదు. ఈ బొమ్మ మనసులో ఉండగా ఆ వచనం చదివితే పౌలుకీ యెషయాకీ కూడా అలాగే జరిగిందనిపిస్తుంది. అమ్మగారి నమ్మకం అక్కడినుంచే వచ్చి ఉంటుంది. ఆమెను తప్పు పట్టకండి, ఆ మాట అలా పలుకుతుంది.

గ్రీకులో ఉన్నది థియోప్న్యూస్టోస్. థియోస్ అంటే దేవుడు, ప్నియో అంటే ఊదడం, ఊపిరి విడవడం. రెండూ కలిపితే దేవుడు ఊపిరి ఊదినది అని అర్థం. కొత్త నిబంధన మొత్తంలో ఈ మాట ఇక్కడ ఒక్కచోటే వస్తుంది. చిన్నప్పటినుంచి పాత నిబంధన విన్నవాళ్ళకు ఈ మాటతో ఆదికాండము 2:7 గుర్తుకు రాక తప్పదు: "నేలమంటితో నరుని నిర్మించి వాని నాసికారంధ్రములలో జీవవాయువును ఊదగా నరుడు జీవాత్మ ఆయెను." ఆ వచనంలో మన్ను మాయమైపోలేదు. ఊపిరి వచ్చాక కూడా మనిషి మట్టి మనిషే. పొలంలో చెమటోడుస్తాడు, అలసిపోతాడు, చనిపోతాడు. అయినా అతనిలో ఉన్నది దేవుని ఊపిరి. ఎంత భాగం మన్ను, ఎంత భాగం ఊపిరి అని కొలవబోతే కొలత దొరకదు. లేఖనాన్నీ అలాగే చూడాలని నా నమ్మకం. దేవుడు రాశాడా మనిషి రాశాడా అని వాటాలు పంచడం మొదలుపెట్టిన చోటే దారి తప్పుతాం.

పూనకం బొమ్మ సంఘానికి కొత్తేమీ కాదు. రెండో శతాబ్దం నడిమిలో ఫ్రుగియ ప్రాంతంలో, అంటే నేటి తుర్కియే లోపలి భాగంలో, మోంటానస్ అనే ప్రవక్త బయల్దేరాడు. మనిషి వీణలాంటివాడనీ దేవుడు మీటే పుల్లలాంటివాడనీ, పలికేటప్పుడు మనిషి నిద్రలో ఉంటాడనీ ఆయన బోధ. చాలామంది వెంట వెళ్ళారు. చివరికి సంఘం కాదంది. ప్రవక్త ఒళ్ళు తెలియని పారవశ్యంలో మాట్లాడకూడదని వాదిస్తూ మిల్టియాడెస్ అనే రచయిత ఒక గ్రంథమే రాశాడని చరిత్రకారుడు యూసేబియస్ చెబుతాడు. నిజం చెప్పాలంటే అప్పటి సంఘ పెద్దల్లోనూ అందరిదీ ఒకే మాట కాదు. వేణువు వాయించేవాడు వేణువులోకి ఊదినట్టు ఆత్మ ప్రవక్తలను వాడుకుందని అదే శతాబ్దంలో అథెనాగొరస్ రాశాడు. వేణువు పోలిక అందంగానే ఉంది గానీ వేణువుకు జ్ఞాపకం ఉండదు, భయం ఉండదు, స్నేహితులుండరు. బైబిలు రాసినవాళ్ళకు ఇవన్నీ ఉన్నాయి.

లేఖనం ఎలా పుట్టిందో లేఖనమే చెప్పే చోటు ఒకటుంది. యిర్మీయా 36వ అధ్యాయం. మీరు ఇప్పటికి ఇది చదవకపోయి ఉంటే ఈ రాత్రే చదవండి.

క్రీ.పూ. 605. యిర్మీయా అప్పటికి ఇరవై మూడేళ్ళుగా ప్రకటిస్తున్నాడు. ఇన్నాళ్ళూ చెప్పిందంతా ఒక చుట్టలో రాయమని దేవుని ఆజ్ఞ వచ్చింది. ఆయన నేరీయా కుమారుడైన బారూకును పిలిచి చెబుతుంటే బారూకు రాశాడు. యిర్మీయా మందిరానికి వెళ్ళలేని స్థితి, అందుకని బారూకే వెళ్ళి జనం ముందు చదివాడు. సంగతి అధికారులకు తెలిసింది. వాళ్ళు బారూకును కూర్చోబెట్టి మళ్ళీ చదివించుకుని, భయపడి, ఒక ప్రశ్న అడిగారు: ఈ మాటలన్నీ నువ్వు ఎలా రాశావు? మీ ప్రశ్నే. బారూకు జవాబు ఎంత సాదాగా ఉందో చూడండి. ఆయన నోటితో చెప్పాడు, నేను సిరాతో రాశాను. ఆకాశం చీలింది, చెయ్యి తనంతట అదే కదిలింది అనలేదు. నోరు, చెయ్యి, సిరా.

చలికాలం. రాజు యెహోయాకీము ముందు కుంపటిలో నిప్పు రగులుతోంది. ఆ చుట్టలో మూడు నాలుగు పుటలు చదవగానే రాజు ఆ ముక్కను చాకుతో కోసి నిప్పుల్లో వేస్తూ చుట్టంతా కాల్చేశాడు. కాల్చవద్దని ముగ్గురు అధికారులు బతిమాలారు, వినలేదు. తర్వాత యిర్మీయా ఇంకో చుట్ట తీసుకున్నాడు. బారూకు మళ్ళీ రాశాడు. అధ్యాయం చివరి వచనం చెప్పేదేమిటంటే, కాలిపోయిన మాటలన్నీ రాశారు, అవి గాక అలాంటివి ఇంకా అనేకం కలిపారు.

ఆ చివరి ముక్క దగ్గర నేను ప్రతి ఏడూ క్లాసులో ఆగేవాణ్ణి. పరలోకంలో అక్షరం అక్షరం ఖాయమైన ప్రతి ఒకటి ఉండి, దాన్ని చూచిరాతగా దించుకోవడమే దైవప్రేరణ అయితే రెండో చుట్టలో "ఇంకా అనేకం" ఎలా చేరతాయి? చేరాయి. రెండోదే దేవుని వాక్యంగా మనకు అందింది. పైగా యిర్మీయా గ్రంథం పాతకాలంనుంచీ రెండు రూపాల్లో ఉంది. అలెగ్జాండ్రియా యూదులు వాడిన గ్రీకు అనువాదంలో, అంటే సెప్టువజింటులో, అది హెబ్రీ ప్రతికన్నా ఎనిమిదో వంతుకు అటూ ఇటూగా చిన్నది, అధ్యాయాల వరస కూడా వేరు. గ్రీకు అనువాదకులే కత్తిరించి ఉంటారని చాలాకాలం కొందరు అనుకున్నారు. మృతసముద్రం ఒడ్డున కుమ్రాను నాలుగో గుహలో దొరికిన హెబ్రీ ముక్కల్లో ఆ చిన్న రూపానికి సరిపోయేవి బయటపడ్డాయి. అంటే హెబ్రీలోనే రెండు కూర్పులు తిరిగాయి. దీంతో నా విశ్వాసం కదిలిపోలేదు. కాల్చినా మళ్ళీ రాసి, రాసి మళ్ళీ పెంచిన పుస్తకమని 36వ అధ్యాయం ముందే చెప్పి పెట్టింది కదా.

కొత్త నిబంధనలోనూ ఇదే తీరు. లూకా తన సువార్త మొదట్లో నాకు దర్శనం కలిగిందనడు. ఇంతకుముందు చాలామంది రాయబూనుకున్నారు, కళ్ళారా చూసినవాళ్ళు మాకు అప్పగించారు, నేను మొదటినుంచి తరచి తెలుసుకుని వరసగా రాస్తున్నాను అంటాడు. విచారించి రాసేవాడి మాట అది. పౌలు కొరింథు వాళ్ళకు రాస్తూ, ఫలానావాళ్ళకు తప్ప ఇంకెవరికైనా బాప్తిస్మమిచ్చానేమో నాకు గుర్తులేదంటాడు. పెళ్ళి సంగతి వచ్చేసరికి ఒక చోట ఇది నా మాట కాదు ప్రభువుదంటాడు, రెండు వచనాల తర్వాత ఇది ప్రభువు మాట కాదు నాదంటాడు. రోమీయులకు రాసిన పత్రిక చివర్లో, రాతగాడు తెర్తియు మధ్యలో తల దూర్చి తన పేరుతో వందనాలు చెప్పుకుంటాడు. రెండో తిమోతిలో లేఖనమంతా దైవావేశం వల్ల కలిగిందన్న వాక్యానికి ఒక్క అధ్యాయం తర్వాత, త్రోయలో కర్పు దగ్గర వదిలి వచ్చిన అంగీ పట్టుకు రా, పుస్తకాలు తే, ముఖ్యంగా చర్మపు కాగితాలు మరిచిపోకు అని ఉంది. చలికాలం వస్తోంది, చెరసాలలో ఉన్న మనిషికి అంగీ కావాలి. ఇది కూడా లేఖనమే. పరిశుద్ధాత్మ ఆ వాక్యాన్ని కొట్టేయలేదు.

మన చుట్టూ ఉన్న మతాల్లో గ్రంథం గురించి వేరే నమ్మకాలున్నాయి. వేదం అపౌరుషేయమని, దానికి కర్త లేడని, ఋషులు దాన్ని చూశారేగానీ రచించలేదని మీమాంసకులు చెబుతారు. ఖురాన్ దేవుని మాటగా ప్రవక్త మీద అవతరించిందని ముస్లిములు నమ్ముతారు. రెండూ గంభీరమైన నమ్మకాలు, గౌరవించాల్సినవి. వాటి పక్కన పెరిగిన మనం, బైబిలుకూ అదే కొలత పట్టకపోతే చిన్నతనమవుతుందేమోనని భయపడతాం. ఆ భయం అక్కర్లేదు. క్రైస్తవ విశ్వాసం మొదటినుంచీ చెబుతున్నది వేరు: వాక్యం శరీరధారి అయింది. ఆ శరీరం బేత్లెహేములో పుట్టింది, ఆకలేస్తే తింది, అలసి పడవలో నిద్రపోయింది. అలాంటి దేవుణ్ణి గురించిన పుస్తకం మనుషుల చేతిరాతతో, వాళ్ళ భాషతో, వాళ్ళ చలితో రావడంలో వింతేముంది?

ఇక మీ స్నేహితుడి నైసియా సంగతి. నైసియా అంటే నేటి తుర్కియేలోని ఇజ్నిక్. 325లో అక్కడ సభ జరిగింది, కాన్‌స్టంటైన్ పిలిచాడు, ఇవి నిజాలే. వాళ్ళు మాట్లాడింది ప్రధానంగా అరియస్ బోధ గురించి, కుమారుడు తండ్రితో ఏకస్వభావుడా కాదా అని. ఈస్టరు ఎప్పుడు చేసుకోవాలన్నది ఇంకొకటి. సభ చేసిన 20 నిబంధనలు నేటికీ చదువుకోవచ్చు. ఏ పుస్తకాలు బైబిల్లో ఉండాలన్న మాట వాటిలో ఒక్కటీ లేదు. మరి ఈ కథ ఎక్కడిది? సభ అయిన ఐదొందల ఏళ్ళకు పైగా గడిచాక, 9వ శతాబ్దంలో కూర్చిన సినోడికన్ వెటుస్ అనే గ్రీకు సంకలనంలో, పుస్తకాలన్నీ బల్ల దగ్గర పెట్టి ప్రార్థిస్తే అసలైనవి పైన, నకిలీవి కింద తేలాయని ఒక అద్భుత కథ ఉంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి రచయిత వోల్టేర్ దాన్ని నలుగురిలోకి తెచ్చాడు. ఓట్ల ముచ్చట దాని మనవడు. ఇందులో నిజం పాలు ఎంతంటే, సభ తర్వాత కొన్నేళ్ళకు కాన్‌స్టంటైన్ కొత్త రాజధానిలోని సంఘాల కోసం 50 లేఖన ప్రతులు రాయించి పంపమని యూసేబియస్‌కు ఉత్తరం రాశాడు. డబ్బిచ్చి ప్రతులు చేయించాడన్నమాట.

అసలు జరిగింది చాలా నెమ్మదిగా, చాలా ఊళ్ళలో జరిగింది. క్రీ.శ. 50వ దశకంనుంచి పౌలు ఉత్తరాలు ఒక సంఘంనుంచి ఇంకో సంఘానికి నకళ్ళుగా తిరిగాయి. కొలస్సీ పత్రిక చివరే ఆ మాట ఉంది, మీరు చదివాక లవొదికయ వాళ్ళ చేత చదివించండి, వాళ్ళది మీరు చదవండి అని. ఆదివారం కూడికలో ఏది చదువుతారో అదే నెమ్మదిగా లేఖనమైంది. 144 ప్రాంతంలో రోములో మార్కియన్ అనే ఓడల యజమాని పాత నిబంధనంతా పక్కన పెట్టేసి, లూకా సువార్తను కత్తిరించి, పౌలు ఉత్తరాలు పది చేర్చి, ఇదే లేఖనమన్నాడు. సంఘం అతన్ని వెలివేసింది. అప్పుడు మాత్రం, మరి మనవేవి అన్న ప్రశ్న గట్టిగా నిలబడింది. 180 ప్రాంతానికి లియోన్ నగర బిషప్పు ఐరేనియస్ సువార్తలు నాలుగే, నాలుగు దిక్కుల్లా అని రాస్తున్నాడు. నైసియాకు అది దాదాపు నూట యాభై ఏళ్ళ ముందు.

వాళ్ళు ఎలా పరీక్షించారో చూపే రెండు సంగతులు చెబుతాను. 190 తర్వాత అంతియొకయ బిషప్పు సెరాపియన్ రోసస్ అనే ఊరికి వెళ్ళినప్పుడు, పేతురు సువార్త అనే పుస్తకం చదువుకోవచ్చా అన్న మాట అక్కడివాళ్ళలో వచ్చింది. ఆయన సరేనన్నాడు. తర్వాత పుస్తకం తెప్పించుకుని స్వయంగా చదివాడు. చాలావరకు సరిగానే ఉంది గానీ యేసు నిజంగా బాధపడలేదనే బోధకు ఆస్కారమిచ్చే మాటలు కలిశాయని గమనించి అనుమతి వెనక్కి తీసుకున్నాడు. పేతురు పేరు పెట్టినంత మాత్రాన ఒప్పుకోలేదు. రెండోది ఆఫ్రికా క్రైస్తవ రచయిత టెర్టులియన్ చెప్పింది. ఆసియాలో ఒక సంఘ పెద్ద పౌలు పేరిట ఒక కథ రాసి పట్టుబడ్డాడు. పౌలు మీద ప్రేమతోనే రాశానన్నాడు. పదవిలోంచి తీసేశారు. ప్రేమతో చేసినా కల్పన కల్పనే అన్న పట్టుదల వాళ్ళకుంది.

పుస్తకాల జాబితాకన్నా నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం ఇంకొకటి. 180 జూలై 17న ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో కొందరు సామాన్య క్రైస్తవులను రోమా అధికారి సాటర్నినస్ విచారించాడు. ఆ సంచిలో ఏమున్నాయి అని అడిగాడు. స్పెరాటస్ అనే ఆయన, పుస్తకాలు, నీతిమంతుడైన పౌలు ఉత్తరాలు అన్నాడు. అదే రోజు వాళ్ళ తలలు నరికారు. 303లో డయొక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవ గ్రంథాలు కాల్చమని ఆజ్ఞ ఇచ్చినప్పుడు అదే ఆఫ్రికాలోని సిర్తా పట్టణంలో అధికారులు చదువరుల, అంటే కూడికలో లేఖనం చదివేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పుస్తకాలు ఎలా పట్టుకున్నారో చెప్పే రికార్డు మిగిలింది. తిబియుకా బిషప్పు ఫెలిక్స్ ఇవ్వనన్నాడు, చంపేశారు. ఇచ్చేసినవాళ్ళను "అప్పగించినవాళ్ళు" అని సంఘం ఏళ్ళ తరబడి క్షమించలేకపోయింది. ఏ పుస్తకం ఇస్తే ద్రోహమో, ఏది ఇచ్చినా పరవాలేదో ఇలాంటి రోజుల్లో ఒక్కో ఇంట్లో తేల్చుకోవాల్సి వచ్చింది. నైసియా సభకు ఇరవై రెండేళ్ళ ముందు మాట ఇది. ఓట్ల మాట వినబడినప్పుడల్లా నాకు ఆ చదువరుల ఇళ్ళు గుర్తొస్తాయి.

అలాగని అన్ని పుస్తకాలూ ఒకేసారి కుదురుకోలేదు. నాలుగో శతాబ్దం మొదట్లో కూడా యాకోబు, యూదా, రెండో పేతురు, రెండో మూడో యోహాను పత్రికలను కొందరు ఒప్పుకోవడం లేదని యూసేబియస్ దాచకుండా రాశాడు. ప్రకటన గ్రంథాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకే తేలలేదు. ఇవాళ మన చేతిలో ఉన్న 27 పుస్తకాల పట్టిక సరిగ్గా అలాగే కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ ఈస్టరుకు ముందు రాసిన ఉత్తరంలో. 397లో కార్తేజ్ సభ అదే చెప్పింది. సిరియా సంఘాల బైబిలు అనువాదం పెషిత్తాలో చాలాకాలం 22 పుస్తకాలే. పాత నిబంధన లెక్క అయితే నేటికీ ఒక్కటి కాదు: మన ప్రొటెస్టెంట్ బైబిలు మొత్తం 66, కతోలికులది 73, ఇథియోపియా సంఘానిది 81. "హనోకు" ప్రవచించాడంటూ యూదా పత్రిక ఎత్తి చెప్పిన గ్రంథం ఇథియోపియా వాళ్ళ బైబిల్లో ఉంది, మన దాంట్లో లేదు. వాళ్ళ బైబిలు దొంగది, మనదే అసలుది అని నేను ఎన్నడూ బోధించలేదు. నడిబొడ్డు ఒక్కటే, అంచులు వేరు.

మార్చేశారన్న వీడియో గురించి. చేత్తో రాసిన కాలంలో నకళ్ళలో తేడాలు వచ్చాయి. కొత్త నిబంధనకు గ్రీకు చేతిరాత ప్రతులు ఐదువేలకు పైగా ఉన్నాయి, అన్నీ కలిపి చూస్తే తేడాలు లక్షల్లో లెక్కకొస్తాయి. అక్షరదోషాలు, మాటల ముందువెనుకలు, రెండుసార్లు రాసిన గీతలు, వాటిలో ఎక్కువ ఇవే. పెద్దవి కొన్ని ఉన్నాయి, వాటిని తెలుసుకోవడం మీ హక్కు. మార్కు 16లో 9 నుంచి 20 దాకా ఉన్న వచనాలు నాలుగో శతాబ్దపు సీనాయి ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ లేవు. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ కథ, యోహాను 7:53 నుంచి 8:11 వరకు, వాటిలో లేదు. ఆ కథ యేసు మనసుకు ఎంత దగ్గరో నాకు తెలుసు, దానిమీద ఎన్నో ప్రసంగాలు చేశాను. యోహాను మొదట రాసిన పుస్తకంలో అది లేదన్నదీ తెలుసు. రెండూ ఒకే మనసులో పెట్టుకుని బతకవచ్చు.

ఒకటి నిజంగా కలిపిందే. మొదటి యోహాను 5:7లో, పరలోకంలో సాక్ష్యమిచ్చేవాళ్ళు ముగ్గురు, తండ్రి వాక్యము పరిశుద్ధాత్మ అని ఇంగ్లిషు కింగ్ జేమ్స్ బైబిల్లో ఉంటుంది. డచ్చి పండితుడు ఎరాస్మస్ 1516లోనూ 1519లోనూ అచ్చువేసిన గ్రీకు నిబంధనల్లో అది లేదు, ఎందుకంటే ఆయన చూసిన గ్రీకు ప్రతుల్లో లేదు. విమర్శలు వచ్చాయి, ఆ మాటలున్న గ్రీకు ప్రతి ఒకటి ఆయన ముందుకు తెచ్చారు, 1522లో చేర్చాడు. మీ ఇంట్లో ఉన్న మామూలు తెలుగు బైబిలు తీసి చూడండి. ఆత్మయు, నీళ్లును, రక్తమును అన్న ముగ్గురు సాక్షులే కనిపిస్తారు. ఎవరో మోసం చేసి దాచిపెట్టి ఉంటే మీకు ఇదంతా చెప్పగలిగేవాణ్ణే కాదు. ప్రతులన్నీ ఒకే చేతిలో ఉండి, పాతవి తగలబెట్టి ఉంటేనే మార్పు దాగుతుంది. ఇవి ఐగుప్తులో, సిరియాలో, రోములో, ఆఫ్రికాలో చెల్లాచెదురుగా ఉండిపోయాయి కనుకనే తేడాలు పట్టుకోగలుగుతున్నాం. 1947లో కుమ్రాను దగ్గర గొర్రెలకాపరుల కంటపడిన యెషయా చుట్ట ఏడు మీటర్లకు పైగా పొడవు, క్రీస్తుకు ముందరిది. ఇవాళ మనకున్న పూర్తి హెబ్రీ పాత నిబంధన ప్రతుల్లో అన్నిటికన్నా పాతది 1008 నాటి లెనిన్‌గ్రాడ్ ప్రతి. వెయ్యేళ్ళ పైబడిన ఎడం. తేడాలున్నాయి, కానీ రెండిట్లోనూ మనం చదివేది అదే యెషయా.

ఇంకా కష్టమైనది రాసినవాళ్ళ పేర్ల సంగతి. ఇది కూడా దాచను. హెబ్రీయులకు రాసిన పత్రిక ఎవరు రాశారో దేవునికే తెలుసని మూడో శతాబ్దంలోనే బైబిలు పండితుడు ఓరిగెన్ అన్నాడు. రెండో పేతురు పేతురు చేత్తో రాసింది కాదని, తిమోతి పత్రికలు పౌలు శిష్యులెవరో తర్వాత రాసి ఉంటారని నేటి పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. దైవావేశం అన్న మాటే ఉన్న పత్రిక మీద ఈ సందేహం ఉంది. నా మట్టుకు, రెండో తిమోతిలోని ఆ అంగీ మాట వింటే పౌలు గొంతే వినిపిస్తుంది. నా తోటి ఉపాధ్యాయుల్లో చాలామంది ఒప్పుకోలేదు. మేము ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి తిన్నాం. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆ వాక్యం రాసిననాడు "లేఖనము" అంటే తిమోతి చిన్నప్పుడు అమ్మమ్మ లోయి, అమ్మ యునీకే దగ్గర నేర్చుకున్న పాత నిబంధన. పౌలు ఉత్తరాలను "తక్కిన లేఖనములతో" జతచేసి చెప్పేది రెండో పేతురు 3:16.

సంఘాలు దీన్ని ఎలా పలికాయంటారా? కతోలికుల రెండో వాటికన్ సభ 1965లో వెలువరించిన దేయి వెర్బుమ్ పత్రం, దేవుడు మనుషుల్ని వాళ్ళ శక్తిసామర్థ్యాలతోనే వాడుకున్నాడనీ వాళ్ళు నిజమైన రచయితలేననీ చెబుతుంది. ప్రతి మాటా తప్పులేనిదని గట్టిగా నిలబడే ప్రొటెస్టెంట్లు 1978లో షికాగోలో చేసిన ప్రకటన కూడా, దేవుడు రచయితల వ్యక్తిత్వాలను తోసేశాడన్న మాటను కాదంటుంది. మిగతా విషయాల్లో ఎంతో దూరంగా ఉన్న రెండు పక్షాలు ఇక్కడ కలిశాయి. తప్పులేనితనం అంటే ఎంతవరకు అన్నదాని మీద మాత్రం వాదన సాగుతూనే ఉంది, నేను అందులోకి దిగను.

నాకు ఈ ఊపిరి మాట ఎందుకు ప్రాణమో చెప్పాలంటే 137వ కీర్తన దగ్గరికి రావాలి. బబులోను నదుల ఒడ్డున కూర్చుని ఏడ్చిన చెరవాళ్ళ పాట అది. చివరి వచనం, శత్రువుల పసిపిల్లల్ని పట్టుకుని బండకేసి కొట్టేవాడు ధన్యుడంటుంది. ఒకసారి పల్లెలో బైబిలు తరగతి చెబుతుంటే, బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి లేచి, దేవుడు ఇలా అన్నాడా అయ్యగారూ అని అడిగింది. అక్షరం అక్షరం దేవుడే చెప్పాడని నేను బోధించి ఉంటే ఆ తల్లికి ఏం చెప్పగలను? ఊరు కాలిపోయి, తన పిల్లలే కళ్ళముందు చచ్చిన మనిషి కక్కిన ఏడుపు అది అని చెప్పాను. ఆ ఏడుపును కడిగి శుభ్రం చేయకుండా, తన ముందు ఎవరైనా అలా కూడా ఏడవవచ్చని దేవుడు దాన్ని తన పుస్తకంలో ఉండనిచ్చాడని చెప్పాను. ఆమె కూర్చుంది. చాలాసేపు కళ్ళు తుడుచుకుంది. లేఖనంలో దేవుని ఊపిరి ఉందని చరిత్రతో రుజువు చేయలేం. చుట్టలు, ప్రతులు, తేదీలు అది ఎలా వచ్చిందో చెబుతాయి, ఎవరి ఊపిరో చెప్పవు. ఆ రోజు ఆ పల్లెలో నాకైతే అది తగిలింది.

మన దగ్గరికి ఈ పుస్తకం వచ్చిన దారి కూడా మనుషుల చేతుల మీదుగానే. 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌లు తెలుగు నేర్చుకుంటూ, బ్రాహ్మణ కుటుంబంనుంచి క్రైస్తవుడైన ఆనందరాయరు సాయంతో సువార్తలు తెలుగు చేయడానికి కూర్చున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. సువార్తలు అచ్చయి రావడం ఇద్దరూ చూడలేదు. ఆ తర్వాత ఎందరో దిద్దారు, తిరగరాశారు. దైవావేశము అన్న మాట కూడా అలా ఎవరో వెతుక్కుని పెట్టిందే.

అమ్మగారితో వాదనకు దిగకండి. ఈ వారం ఇద్దరూ కూర్చుని యిర్మీయా 36 గట్టిగా చదవండి, ఆ మర్నాడు లూకా మొదటి నాలుగు వచనాలు, తర్వాత రెండో తిమోతి 4వ అధ్యాయం మొత్తం. మీ స్నేహితుడికి నైసియా 20 నిబంధనలు చదవమని చెప్పండి, చిన్నవే, ఒక్క గంట పని. తర్వాత 137వ కీర్తన. అది మాత్రం ఒంటరిగా చదవకండి.